ఇచ్చే చేయి ఎక్కడ ఉంది?

'ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద' అంటారు. దానంలోని సంతోషమూ ప్రమాదమూ ఈ మాటలోనే ఉన్నాయి. ఒకరి ఆకలి తీరుతుంది. అదే క్షణంలో ఇచ్చినవాడు ఒక మెట్టు పైకెక్కుతాడు.

మనిషి ఎందుకు ఇస్తాడు? జాలితో ఇస్తాడు, పుణ్యం కోసం ఇస్తాడు, నలుగురూ చూస్తున్నారన్న మొహమాటంతో ఇస్తాడు. ఇవేవీ లేకున్నా, ఇచ్చానన్న తృప్తి మనసుకు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కూడా దానానికి ఒక కారణమని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లో సిద్ధాంతీకరించాడు. దానం వెనుక దాగే ఈ 'నేను'ను మన గురువులు శతాబ్దాల ముందే గుర్తించి, హౌమై అన్నారు.

మరి మనసు శుద్ధమయ్యేదాకా ఇవ్వడం మానాలా? ఆకలిగొన్నవాడు అంతవరకు ఆగలేడు. అందుకే గురుమతం ఇచ్చే పద్ధతినే మార్చింది.

గురుద్వారాలో గోలక్ గురు గ్రంథ్ సాహిబ్ ఎదుట ఉంటుంది. అందులో కానుక వేసి నుదురు నేలకు ఆనిస్తాం. అక్కడ వంగేది ఇచ్చినవాడే. లక్ష వేసినవాడూ రూపాయి వేసినవాడూ లంగర్‌లో ఒకే పంక్తిలో కూర్చుంటారు. ఇక దస్వంధ్ అంటే సంపాదనలో పదోవంతు. అది మొదటినుంచీ మనది కాదు. అద్దె కట్టినవాడు యజమానికి దానం చేశానని చెప్పుకోడు కదా! 'వండ్ ఛకో' అన్న ఆజ్ఞకు అర్థం పంచుకుని తినమని. పంచేవాడూ తినేవారిలో ఒకడే.

సంపాదన మాటేమిటి? గురు నానక్ మలిక్ భాగో విందును కాదని వడ్రంగి భాయీ లాలో ఇంటి రొట్టె తిన్నారని సాఖీ చెబుతుంది. అన్యాయపు సొమ్ము దానంతో శుభ్రపడదు. సంగత్ కానుకలు వసూలు చేసే మసందులు అక్రమాలకు దిగినప్పుడు గురు గోబింద్ సింగ్ ఆ వ్యవస్థనే రద్దు చేశారు.

అయినా హౌమై తేలిగ్గా పోదు. అమృత్‌సర్ దర్బార్ సాహిబ్ పరిక్రమలో కూడా దాతల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకాలు కనిపిస్తాయి. పేరు చూసి మరొకరు ఇస్తారన్న వాదనలో కొంత నిజముంది. కానీ అక్కడే లంగర్ పళ్ళేలు కడిగే వేలమందికి ఏ ఫలకమూ లేదు. వారి సేవ ఆగనూ లేదు.

కాబట్టి సోదర సోదరీమణులారా, ఒక్క ప్రశ్న వేసుకుందాం. రసీదు మీద పేరు ఉండదని తెలిస్తే మనం ఎంత ఇస్తాం? అంతే మనం ఇచ్చింది. మిగిలినదానితో పేరు కొనుక్కున్నాం. ఆ మిగిలినదాన్నీ ఆపకుండా ఇద్దాం, పేరు మాత్రం వదిలేద్దాం. ఇచ్చిన చేత్తోనే చీపురు పట్టి, జోడాఘర్‌లో సంగత్ చెప్పులు తుడుద్దాం. అక్కడ చేయి తనంతట తానే కిందికి దిగుతుంది.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే.