అడవి కింద బాయి

మా ఆఫీసు నుంచి కారులో ఇరవై నిమిషాలు పోతే అడవి వస్తుంది. సియాటిల్‌కి తూర్పున, బెల్‌వ్యూ, న్యూకాసిల్ ఊళ్ళ మధ్య, కోల్ క్రీక్ అని ఒక వాగు. దాని వెంబడి మూడు మైళ్ళ కాలిబాట. పైకి పోయేకొద్దీ ఆ బాట కూగర్ మౌంటెన్ అనే కొండ మీది పార్కులో కలుస్తుంది. ఆరేళ్ళుగా దాదాపు ప్రతి శనివారం పొద్దున నేను అక్కడే ఉంటాను.

కారణం పెద్దదేం కాదు. వారమంతా ఆన్‌కాల్ ఫోను పక్కలో పెట్టుకుని పడుకునేవాడికి వాగు చప్పుడు ఒక మందు. నడుముల దాకా పెరిగిన ఫెర్న్ మొక్కలు, నాచు కప్పిన మేపుల్ కొమ్మలు, ఎక్కడో వడ్రంగి పిట్ట. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన స్నేహితుల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ఒక మాట అనేవాణ్ణి: "చూడండి, ఊరు ఇంత దగ్గర్లో ఉన్నా ఇక్కడ మనిషి చెయ్యి పడలేదు."

వాగు పేరులోనే బొగ్గు ఉంది. నేను పుట్టింది కొత్తగూడెంలో. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేశాడు. అయినా ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరు నాకు వినబడలేదు. జీపీఎస్‌లో కొట్టడానికి తప్ప ఊళ్ళ పేర్లు మనకి దేనికి?

పోయిన అక్టోబరులో నాన్న వచ్చాడు. ఆకులు పసుపెక్కుతున్నాయి. మంకీ క్యాప్ పెట్టించి, పెరుగన్నం డబ్బా సంచిలో వేసుకుని కొండ మీదికి తీసుకెళ్ళాను. ఒక మలుపు దగ్గర బోర్డు ముందు ఆగాడు.

"ఏం రాసి ఉందిరా?"

"బ్యాగ్లీ సీమ్ ట్రెయిల్."

"సీమా? సీమంటే బొగ్గు పొరే కదరా. మన కాడ కింగ్ సీము, క్వీన్ సీము లెక్క. ఇక్కడ బాయి ఉండె."

అక్కణ్ణుంచి నా నడక ఆయన చేతుల్లోకి పోయింది. బాట పక్కన నల్లమట్టిని చెప్పుతో గీకి చిన్న ముక్క ఏరి చూపించాడు. బొగ్గు. ఇంకొంచెం ముందు కంచె వేసిన ఒక గుంత ఉంటుంది. నేను దాన్ని ఎప్పుడూ వాననీళ్ళ గుంత అనుకున్నాను. "ఇది వాన గుంత కాదు. కింద బొగ్గు తీసి ఇసుక నింపకుండ ఒదిలేస్తే పైకప్పు కూలి ఇట్లనే కుంగుతది. అటు పోకు," అని నా మోచెయ్యి పట్టి లాగాడు. ఆ బాటకి కేవ్ హోల్ ట్రెయిల్ అని పేరు. అదీ నేను ఎన్నిసార్లు చదివానో. కిందికి దిగాక కాంక్రీటుతో మూసేసిన ఒక గని నోరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఎంతమంది దిగిన్రో," అన్నాడు. అది ప్రశ్నో, నిట్టూర్పో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక చదివాను. ఇక్కడ బొగ్గు కనిపించింది 1863లో. నడక మీద థోరో రాసిన ప్రసిద్ధ వ్యాసం అచ్చయిన మరుసటి ఏడాది. 1878 కల్లా సియాటిల్ నుంచి న్యూకాసిల్ దాకా రైలు పట్టాలు వచ్చాయి. ఈ కొండ బొగ్గు ఓడలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయింది. 1963 వరకు, వందేళ్ళు, తవ్వుతూనే ఉన్నారు. నేను కారు ఆపే చోటు పేరు రెడ్ టౌన్. ఎర్ర రంగు వేసిన కార్మికుల ఇళ్ళు అక్కడ ఉండేవట. 1885 సెప్టెంబరులో ఒక రాత్రి ముసుగులు వేసుకున్న మనుషులు ఈ గని దగ్గర చైనా కార్మికులు ఉండే ఇళ్ళకి నిప్పుపెట్టి వాళ్ళని తరిమేశారు. మా పనులు మీరు తన్నుకుపోతున్నారన్నది వాళ్ళ మీద కోపం. వీసా కాగితాలతో బతికేవాడికి ఆ వాక్యం చదవడం అంత తేలిక కాదు.

నేను మురిసిపోయిన ఆ చెట్లు కూడా సాక్ష్యాలే. వాగు గట్టున గుంపుగా ఉన్న ఆల్డర్లు తవ్వి, నరికి వదిలేసిన నేలలో ముందుగా మొలిచే జాతి. వేళ్ళలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టి పాడైన మట్టిని బాగుచేస్తాయి. అంటే మనిషి చెయ్యి పడలేదు అని నేను చెప్పిన చోట, ఆ చెయ్యి ఎంత గట్టిగా పడిందో చెట్లే చెబుతున్నాయి. నాకు చదవడం రాలేదు, అంతే.

ఇక నన్ను వదలని ప్రశ్న ఇది. ఏం జరిగిందో తెలియకుండా ఒక చోట నేను పొందిన ఆ ఆరేళ్ళ శాంతి అబద్ధమా? తెలిసాక కూడా పొందితే తప్పా?

తప్పేం లేదనేవాళ్ళ వాదన నాకు అర్థమవుతుంది. చెట్టుకి చరిత్ర తెలియదు. నేను ఆనందపడితే చనిపోయినవాళ్ళకి కొత్తగా జరిగే నష్టం లేదు. పైగా రక్తం, చెమట ఇంకని నేల కావాలంటే ఈ భూమ్మీద కాలు పెట్టే చోటే ఉండదు. దీనికి ఎదురుగా ఇంకో వైఖరి ఉంది, మా తరం చదువరులకి బాగా అలవాటైనది: అందమైన ప్రతిదాని కింద ఒక నేరాన్ని తవ్వి తీసి, ఇక దాన్ని ఆనందించలేకపోవడమే నైతికత అనుకోవడం. నేనూ ఆ వారమంతా అలాగే మొహం వేలాడేసుకుని తిరిగాను.

ఆ రెండో వైఖరిని పోగొట్టింది నాన్నే. ఆ రోజు బల్ల మీద కూర్చుని పెరుగన్నం తింటూ ఆయన ఎంత హాయిగా ఉన్నాడో చూశాను. నేల కింద ఏముందో మా ఇద్దరిలో తెలిసింది ఆయనకే. "మంచిగున్నదిరా, వచ్చే వారం మళ్ళ వద్దాం," అన్నాడు కూడా. తెలియడం ఆయన ఆనందాన్ని తగ్గించలేదు. అది ఆయనకి ఆ కొండతో ఒక చుట్టరికం కలిపింది. నా ఆనందంలో తప్పేమైనా ఉంటే అది ఆనందించడంలో లేదు. "చెయ్యి పడలేదు" అని నలుగురికీ చెప్పడంలో ఉంది. నా హాయి కోసం వందేళ్ళ మనుషుల్ని ఒక్క మాటతో తుడిచేశాను. ఆ తుడిచేసిన వాళ్ళలో మా నాన్నలాంటి వాళ్ళే ఎక్కువ.

ఇక్కడితో ఆగితే సుఖంగా ఉండేది. కానీ ఇంకోటి ఉంది.

తిరిగి దిగేటప్పుడు నాన్నని ఊరడిద్దామని అన్నాను: "చూశావా, అరవై ఏళ్ళలో మొత్తం అడవి మళ్ళీ వచ్చింది. మన దగ్గర ఓపెన్‌కాస్టులు కూడా ఎప్పుడో ఇలాగే అవుతాయి." ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అడవి వస్తది. ఎర్ర ఇండ్లల్ల ఉన్నోళ్ళు వచ్చిన్రా?" అని అడిగాడు.

ఆ మాట నాకెందుకు గుచ్చుకుందంటే, అంతకు రెండు నెలల ముందే మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళ ఊళ్ళో భూములు తీసుకుంటారన్న మాట నడుస్తోంది. ఏం చెయ్యమంటావు బావా అని అడిగితే నేను స్పీకర్లో పెట్టి కోడ్ రాసుకుంటూనే సలహా ఇచ్చాను. పరిహారం మంచిగా వస్తే తీసుకో, నేల ఎక్కడికీ పోదు, చెట్లు మళ్ళీ పెరుగుతాయి అన్నాను. ఆరేళ్ళు అడవిలో నడిచి నేను నేర్చుకున్న జ్ఞానం అది!

"మళ్ళీ పెరుగుతుంది" అన్నది నిజమే. చెట్ల గురించి నిజం. కానీ దాన్ని మనుషుల లెక్కలో వేసినప్పుడు అది మోసం అవుతుంది, ఎందుకంటే పోగొట్టుకునేది ఒకరు, తిరిగి దొరికేది ఇంకొకరికి. కోల్ క్రీక్ అడవి తిరిగి వచ్చింది బొగ్గు తవ్వినవాళ్ళ కోసం కాదు. తొంభై డాలర్ల బూట్లు వేసుకుని శనివారం వచ్చే నాలాంటి వాడి కోసం. పైగా అది దానంతటదే రాలేదు. బొగ్గు గిరాకీ పడిపోయింది, ఊరు సంపన్నమైంది, పార్కు కావాలని జనం పట్టుబట్టారు, కౌంటీ ఆ నేలని కాపాడింది. బొగ్గు వాడటం మాత్రం లోకంలో ఆగలేదు. ఒక నగరం పక్కన గుంత పూడితే ఇంకో అడవిలో ఇంకో గుంత తెరుచుకుంది. నా ఇంజనీరింగ్ ఫీజు అలాంటి ఒక గుంతలోంచే వచ్చింది. ఆ ఫీజే నన్ను ఈ బాట మీదికి తెచ్చింది. వరస అలా పెట్టి చూస్తే, ఈ నడకకి డబ్బు కట్టింది ఎవరో తెలుస్తుంది.

తెలిస్తే ఏం చెయ్యాలి? నడక మానలేదు. మానితే ఎవరికీ ఒరిగేది లేదు. ఎవరినైనా తీసుకెళ్తే ఇప్పుడు రెడ్ టౌన్ దగ్గరే మొదలుపెడతాను, ఆ రాత్రి తగలబడ్డ ఇళ్ళ సంగతితో సహా. కొందరికి విసుగు, శనివారం పూట ఇదేంట్రా అంటారు. అననీ. గుర్తుపెట్టుకోవడం చాలా చవకైన పుణ్యం అని నాకూ తెలుసు. అందుకే రెండోది చెయ్యాల్సి వచ్చింది. మేనత్త కొడుక్కి ఫోన్ చేసి, అప్పుడు ఆలోచించకుండా మాట్లాడాను, నా మాట లెక్కలోకి తీసుకోవద్దు అన్నాను. వాడు నవ్వి, "నువ్వేం చెప్పినవో నాకు యాదికే లేదు బావా. ఊళ్ళె ఒక వకీలుతోని మాట్లాడుతున్నం, ఫీజు కూడేస్తున్నం," అన్నాడు. నా వంతు ఎంత అని అడిగాను. చెప్పాడు. పంపాను. దాంతో నా లెక్క చెల్లిందని అనుకోవడం లేదు. ఆ ఊరు ఉంటుందో పోతుందో ఇంకా తేలలేదు.

నాన్న జనవరిలో వెళ్ళిపోయాడు. శనివారం పొద్దున, అక్కడ రాత్రి, ఆయన పడుకునే ముందు ఫోన్ చేస్తాడు. నేను కొండ మీదే ఉంటానని తెలుసు. వాన పడ్డదా, చలి ఎట్లుంది, ఏం తిన్నావు అని అడిగి, పెట్టేసే ముందు ప్రతిసారీ ఒకటే మాట.

"ఆ గుంత కాడికి మాత్రం పోకు."