తుక్ అంటే నీళ్ళు

చిరంజీవి చిన్నాకి,


వచ్చే నెల కంబోడియా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆంగ్‌కోర్ వాట్ చూడాలని నాకూ ఉండేది, ఈ మోకాళ్ళతో ఇక కుదరదు. అక్కడి భాష ఎలారా అంటే "ఫోన్ ఉందిగా తాతయ్యా" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వారం నుంచి కంబోడియా వాళ్ళ ఖ్మేర్ మాటలు నేనే నేర్చుకుంటున్నాను. థాయి, వియత్నాం భాషల్లో మాటని రాగం మార్చి పలికితే అర్థం మారిపోతుంది. ఖ్మేర్‌కి ఆ చిక్కు లేదు. లిపి మన దక్షిణాది పల్లవుల లిపి నుంచి వచ్చిందే. క, ఖ, గ, ఘ వరసే. కాకపోతే గ అని రాసినా పలికేటప్పుడు క లాగే వినిపిస్తుంది. అందుకే గురువు 'క్రూ' అయ్యాడు. డాక్టరు 'క్రూ పేత్', అంటే గురువూ వైద్యుడూ కలిసిన మాట. ఆసుపత్రి 'మొన్తీ పేత్', మందిరానికి వైద్యం తోడయింది. కృతజ్ఞత చెప్పాలంటే 'ఆకున్'. అందులో కున్ మన గుణమే. తప్పయింది, క్షమించండి అనాలంటే 'సోమ్ తోహ్'. ఆ తోహ్ మన దోషం.

తెలిసిన మాటే పక్క ఊరి నోట్లో పడితే మన చెవికి అందదు, చిన్నా. ఆ సంగతి నాకు 1974లో తెలిసింది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఆరేళ్ళున్నాను. చుట్టూ మనవాళ్ళే. పాలవాడూ తెలుగే, పురోహితుడూ తెలుగే. బెంగాలీతో పనేముందనుకున్నాను. వీధి చివర రిక్షా అతను రోజూ నన్ను తీసుకెళ్ళేవాడు. వేలితో దారి చూపించేవాణ్ణి, డబ్బులు చేతిలో పెట్టేవాణ్ణి. అంతకుమించి మాట లేదు. ఆ శ్రావణంలో కుండపోత వాన పడుతున్న రాత్రి మీ నానమ్మకి నొప్పులు మొదలయ్యాయి. రిక్షా ఎక్కించాను. అతను మలుపు దగ్గర ఆపి వెనక్కి తిరిగి "ఓదికే జొల్, ఓదికే జొల్" అంటాడు. తాగడానికి నీళ్ళడుగుతున్నాడనుకున్నాను. ఈ వేళప్పుడు నీకు నీళ్ళు కావలసొచ్చాయా అని అరిచి, ముందుకే పొమ్మని చెయ్యి ఊపాను. పోయాడు. వంతెన కింద నడుం లోతు నీళ్ళు. 'అటువైపు నీళ్ళు' అని చెప్పాడతను. జొల్ అంటే మన జలమే. వెనక్కి తిరిగి చుట్టూ వెళ్ళేసరికి గంట పైన పట్టింది. మీ నానమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. బతికుంటే నీకు మేనత్త అయ్యేది. మీ నానమ్మ ఏటా శ్రావణంలో ఒక రోజు అన్నం ఎందుకు ముట్టదో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ రిక్షా అతను తెల్లారేదాకా ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆరేళ్ళు అతని బండెక్కి కూడా పేరు అడగలేదు నేను.

ఇప్పటి పిల్లలు ఎక్కడికి వెళ్ళినా మనిషి మొహంలోకి చూడరు. ఫోన్ ఎదుటివాడి ముందు పెట్టి చదువుకోమంటారు. మొన్న పెళ్ళిలో వడ్డించే కుర్రాణ్ణి నువ్వు చిటికేసి పిలిచావు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తోంది. మీ నాన్నతో అనలేదు. నీకే రాస్తున్నాను.

కంబోడియాలో మనలాగే వరస పెట్టి పిలుచుకుంటారు. నీకంటే కాస్త పెద్దవాళ్ళయితే, ఆడైనా మగైనా 'బోంగ్'. చిన్నవాళ్ళు 'ఊన్'. బాబాయి వయసువాళ్ళు 'పూ', పిన్ని వయసువాళ్ళు 'మింగ్'. తాత 'తా', మామ్మ 'యే'. హోటల్లోనైనా బండి దగ్గరైనా ముందు వరస, తరవాత పని. మనలాగే చేతులు జోడిస్తారు, దాన్ని 'సంపియా' అంటారు. తోటివాళ్ళకి గుండె దగ్గర, పెద్దవాళ్ళకి ఇంకా పైకి. 'చుమ్‌రియప్ సువ' అంటే నమస్కారం. అవునంటే మగవాళ్ళు 'బాత్' అనాలి, ఆడవాళ్ళు 'చా'. నువ్వు పొరపాటున చా అనకు.

అంకెలు ముయ్, పీ, బెయ్, బువన్, ప్రామ్. ఆరంటే అయిదూ ఒకటీ: ప్రామ్-ముయ్. తొమ్మిది దాకా అంతే. పది 'దోప్'. ఒక పూటలో వస్తాయి.

ఇక చెప్పింది చెయ్యి. ఈ మాటలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. రోజుకి అయిదు, పైకి చదువుకో. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ వదలకు. కంప్యూటరు పనుంది, మంచి జీతం అని ఎవడైనా అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్. 2024లో మన విశాఖ వైపు కుర్రాళ్ళు డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళి అక్కడి సైబర్ మోసగాళ్ళ చేతుల్లో చిక్కుకున్నారు. 'చువయ్ ఫోంగ్' అంటే సాయం చెయ్యండి. అది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

నువ్వు వెళ్ళేది అక్కడి వానాకాలంలో. నీళ్ళని 'తుక్' అంటారు. బండి నడిపే అతను రోడ్డు వైపు చూపించి ఆ మాటంటే, దాహమేమో అనుకోకు.

ఆంగ్‌కోర్ వాట్ పక్కనున్న సియాం రీప్ చేరగానే నాకు ఫోన్ చెయ్యి. గుళ్ళ సంగతి తరవాత. నిన్ను ఎక్కించుకున్న టుక్‌టుక్ అతని పేరు ముందు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య