గోరీలు లేని ఊళ్ళో

ఏ ఊరు వెళ్ళినా శ్మశానంలో కాసేపు నిలబడి రావడం మాకు అలవాటు. 'మీరెక్కణ్ణుంచి వచ్చారు?' అని అడిగించుకునీ అడిగించుకునీ పట్టుకున్న అలవాటేమో. ఆ ప్రశ్నకి మేమెప్పుడూ ఒకటే జవాబు చెబుతాం: మా తాతముత్తాతల గోరీలు ఈ మట్టిలోనే ఉన్నాయని. ఆ జవాబు ఎంత బలహీనమైందో స్పెయిన్‌లో ఒక కొండ ఊళ్ళో తెలిసింది.

ఊరి పేరు కపిలేయిరా. గ్రనడాకి దక్షిణంగా అల్పుహర్రా కొండసీమలో ఉంది. తీరిగ్గా సందులన్నీ తిరిగాం. సున్నం గోడలు, పైన మట్టి మిద్దెలు. కప్పు కారకుండా లౌనా అనే బూడిదరంగు మట్టి పరుస్తారు. మా కర్నూలు మిద్దెల మీద చౌడు పరిచినట్టే. సందు పక్కన పారే కాలువని అసేకియా అన్నారు. అరబ్బీ సాకియా! మా ఉర్దూ గజళ్ళలో మధువు పోసే సాకీ ఆ మాటకి చుట్టమే. ఆలివ్ పండు వాళ్ళకి అసెయితూనా, మాకు జైతూన్. ఊరి వెనక శిఖరానికి ముల్హసేన్ అని గ్రనడా సుల్తాన్ అబుల్ హసన్ పేరే ఉంది. ఆయన్ని ఆ మంచులోనే పూడ్చారని ఐతిహ్యం.

శ్మశానంలో మాత్రం మావాళ్ళెవరూ లేరు. గోడలో అరలు, ఒకదానిమీద ఒకటి. అర మూతిమీద పేరు, తేదీ, ప్లాస్టిక్ పూలు. కిబ్లా వైపు ఒత్తిగిలిన గోరీ ఒక్కటీ కనిపించలేదు.

1492లో గ్రనడా లొంగిపోయినప్పుడు మతం జోలికి రామని ఒప్పందం రాశారు. పదేళ్ళు తిరక్కుండానే బాప్తిస్మమో, దేశం విడిచిపోవడమో తేల్చుకోమన్నారు. మసీదులు చర్చీలయ్యాయి. 1567లో అరబ్బీ మాటా, పాత బట్టా, హమామ్ స్నానమూ నిషేధించారు. అప్పుడు ఫ్రాన్సిస్కో నూనియెజ్ ములే అనే వృద్ధుడు అధికారులకి ఒక విన్నపం రాశాడు. తూర్పు దేశాల క్రైస్తవులు అరబ్బీలోనే మాట్లాడుతున్నారు, మాల్టావాళ్ళూ అంతే, వాళ్ళు క్రైస్తవులు కారా, భాషా బట్టా ప్రాంతానివి గాని మతానివి కావు అని వాదించాడు. తెలుగులో రాసే ప్రతిసారీ మేం రుజువు చేసుకోవాల్సి వస్తున్నది అదే మాట కాదూ? ఆయన మాట ఎవరూ వినలేదు. 1568లో తిరుగుబాటు. 1570 నుంచి గ్రనడా రాజ్యంలోని మొరిస్కోలని ఊళ్ళకి ఊళ్ళుగా తరిమేసి, ఉత్తరాది కుటుంబాలని తెచ్చి పెట్టారు. 1609 నుంచి 1614 దాకా దేశం నుంచే సుమారు 3 లక్షల మందిని ఓడలెక్కించారు.

అంటే గోరీలుండి కూడా వాళ్ళు పరాయివాళ్ళే అయ్యారు.

ఆ కోపంతోనే నిలబడి ఉన్నాం. ఇంతలో ఒక అవ్వ వచ్చి అర మీది దుమ్ము కొంగుతో తుడిచినట్టు చేతిగుడ్డతో తుడవసాగింది. మొగుడిదో, కొడుకుదో. షబేబరాత్ నాడు మా అమ్మ అట్లాగే తుడిచేది. ఈ అవ్వని 1570కి లెక్క చెప్పమని అడగగలమా? అడిగితే, 1992లో బాబ్రీ మసీదు కూల్చినవాళ్ళు ఎప్పటిదో బాబరు లెక్క మమ్మల్ని అడగడం న్యాయమే అవుతుంది. అడగకపోతే, తరిమేసినవాళ్ళ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? పాపం ఉంది, పాపి లేడు. అవ్వ మాత్రం ఉంది. ఉర్దూ కవులు నేర్పిన అందలూస్ దుఃఖం మాలో చాలానే ఉంది గాని, ఆమెని చూస్తూ దాన్ని పైకి తియ్యలేకపోయాం. అయినా జరిగినదాన్ని మరిచిపొమ్మంటే ఒప్పుకోం. ఈ కాలువ తవ్విందెవరో ఆ ఊరి బడిలో పిల్లలకి చెప్పాల్సిందే.

తిరిగొస్తూ ఆ కాలువ దగ్గర ఆగి, ఎవరి పేరూ తెలియకుండానే ఫాతిహా చదివాం. అవ్వ వెనకే వచ్చింది. మేం చేతులు దించేదాకా ఆగి, ఏ దేశం మీది అన్నట్టు ఏదో అడిగింది. ఇండియా అన్నాం. ఇంకా చూస్తూనే ఉంది. కర్నూలు అన్నాం. ఆమెకేం తెలుస్తుంది? ఒకసారి తనూ 'కర్నూల్' అని పలికి చూసుకుని, నవ్వి, సీసాలో కాలువ నీళ్ళు పట్టుకుని పూల దగ్గరికి వెళ్ళిపోయింది.