ఆజ్ఞల్లోంచి నేర్చిన భాష

ఒకరి మాట విని విషయం తెలుసుకోవడాన్ని న్యాయ, మీమాంస, వేదాంత దర్శనాలు ప్రత్యక్షానుమానాలతో పాటు ఒక స్వతంత్ర ప్రమాణంగా, అంటే యథార్థజ్ఞానానికి సాధనంగా, లెక్కించి దానికి శబ్దమని పేరు పెట్టాయి. అయితే ఈ ప్రమాణం పనిచేయాలంటే పదానికీ అర్థానికీ ఉన్న సంబంధం విన్నవాడికి ముందే తెలిసి ఉండాలి. ఆ సంబంధానికి 'శక్తి' అనీ, దాన్ని పట్టుకోవడానికి 'శక్తిగ్రహం' అనీ వ్యవహారం. భాష రాని దేశానికి బతుకుతెరువు కోసం వెళ్లిన మనిషి విషయంలో ఈ వరుస తలకిందులవుతుంది, ఎందుకంటే అతడికి శక్తిగ్రహం కలగక ముందే పని మొదలవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయ్‌కీ సౌదీకీ వెళ్లే కూలీలు, కడప, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలు దశాబ్దాలుగా ఈ స్థితిలోనే అడుగు పెడుతున్నారు. అర్థం సగమే తెలిసిన మాటకు లోబడి పనిచేసే మనిషికి కలిగేది ఏపాటి జ్ఞానం, ఆ జ్ఞానం మీద ఆధారపడి అతడు ఇచ్చిన సమ్మతికి ఎంత విలువ అన్న ప్రశ్న కేవలం కార్మిక చట్టాలకు చెందినది కాదు.

భాష ఇంకా రాని మనిషి ప్రస్తావన వచ్చినప్పుడు మన దార్శనికులు ఉదాహరణగా తీసుకున్నది పసిబిడ్డను. ఒక పెద్దవాడు ఆవును తీసుకురమ్మని మరొకడికి చెబుతాడు, ఆ రెండోవాడు వెళ్లి తీసుకొస్తాడు, పక్కన ఉన్న బిడ్డ ఈ మాటకూ ఆ చేతకూ సంబంధం ఉందని ఊహిస్తాడు. తరువాత ఆవును కట్టెయ్యమన్నప్పుడు, గుర్రాన్ని తీసుకురమ్మన్నప్పుడు వాక్యంలో ఏ ముక్క మారితే చేతలో ఏ ముక్క మారిందో గమనించి ఒక్కొక్క పదానికి అర్థం విడదీసుకుంటాడు. పెద్దల మాటా చేతా చూసి నేర్చుకోవడం కనుక దీనికి వృద్ధవ్యవహారమనీ, పదాలను చేర్చడం తీసెయ్యడం ద్వారా అర్థాన్ని తేల్చుకునే ఈ పద్ధతికి ఆవాపోద్వాపమనీ పేర్లు. నైయాయికులు దీనితో పాటు వ్యాకరణం, నిఘంటువు వంటి ఇతర మార్గాలను కూడా చెప్పి, తెలిసిన పదం పక్కన ఉండటం వల్ల తెలియని పదానికి అర్థం తెలియడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు.

కువైట్ వంటింట్లో మొదటి వారం గడిపే తెలుగు స్త్రీకి వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు, మిగిలినవి వృద్ధవ్యవహారమూ, తెలిసిన పదపు పొరుగూ మాత్రమే. యజమానురాలు 'జీబ్ చాయ్' అంటుంది. చాయ్ అన్నది ఇంటి దగ్గర నుంచే తెలిసిన మాట కనుక 'జీబ్' అంటే తెమ్మనడమని ఊహకు అందుతుంది. మరునాడు 'జీబ్ మాయ్' అన్నప్పుడు చాయ్ తీసుకెళ్తే విసుగు ఎదురవుతుంది, నీళ్లు తీసుకెళ్తే ఆ మాట నిలుస్తుంది. 'షీల్ చాయ్' అన్నప్పుడు కప్పు తీసెయ్యాలని తెలుస్తుంది. శాస్త్రం వర్ణించిన ఆవాపోద్వాపానికి ఇంతకంటే నిక్కమైన నిదర్శనం దొరకదు గాని, ఒక తేడా ఉంది. శాస్త్రంలోని బిడ్డ పక్కన కూర్చుని చూస్తాడు, ఆవును తెచ్చే బాధ్యత వేరొకడిది. పరాయి దేశపు పనిమనిషి నేర్చుకునే బిడ్డా తానే, ఆజ్ఞ నెరవేర్చవలసిన రెండో మనిషీ తానే. పొరపాటు పడిన ప్రతిసారీ పాఠం దొరుకుతుంది, మాట పడటమూ తప్పదు. కట్టడాల పనిలో ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉంటుంది, ఎందుకంటే క్యాంపుల్లో భారతీయులకూ పాకిస్తానీలకూ బంగ్లాదేశీలకూ నేపాలీలకూ మధ్య హిందీ-ఉర్దూయే చెలామణి భాష, తెలంగాణ పల్లెలకు ఉర్దూ బొత్తిగా కొత్త కాదు. నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్న పనిమనిషికి ఆ ఆసరా కూడా లేదు. ఖురాన్ పఠనానికి అరబ్బీ అక్షరాలు నేర్చుకున్న ముస్లిం స్త్రీకి సైతం వంటింటి అరబ్బీ కొత్తగానే ఎదురవుతుంది.

వృద్ధవ్యవహారాన్ని పట్టుకుని మీమాంసకులలో ప్రభాకరుని అనుయాయులు ఒక పెద్ద సిద్ధాంతమే నిర్మించారు. భాష మొదట తెలిసేది ఆజ్ఞలోనే కనుక, ప్రతి వాక్యానికీ అంతిమార్థం 'కార్యం', అంటే చేయవలసినది, అని వారి వాదం. వేదం విధులు చెబుతుందే తప్ప ఉన్న వస్తువులను వర్ణించడం దాని పని కాదన్న మీమాంసక దృష్టికి ఇది బాగా సరిపోయింది. ప్రతిపక్షులు, ముఖ్యంగా వేదాంతులు, దీనికి ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమైనది: నీకు కొడుకు పుట్టాడని ఒకడికి చెబితే అక్కడ ఆజ్ఞ ఏదీ లేదు, అయినా విన్నవాడి ముఖం వికసిస్తుంది, ఆ వికాసాన్ని చూసినవాడు ఆ మాటలకు అర్థం గ్రహించవచ్చు, కనుక 'సిద్ధార్థం', అంటే ఇప్పటికే ఉన్న విషయం, కూడా వాక్యానికి అర్థం కాగలదు.

శతాబ్దాల నాటి ఈ వివాదం గల్ఫ్ క్యాంపులో కొత్త పదును తేలుతుంది. పనిలో చెవిన పడే పరాయి భాష అచ్చం ప్రభాకరుడు చెప్పినట్టే ఉంటుంది: తే, ఎత్తు, కడుగు, త్వరగా, అయిపోయిందా. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న మనిషి ఇటువంటి మాటలను తడుముకోకుండా అందుకుంటాడు, కొడుకు పుట్టాడన్న కబురు మాత్రం ఫోన్‌లో తెలుగులోనే వస్తుంది. అయితే అతడి బతుకును నిర్ణయించే విషయాలన్నీ సిద్ధార్థాలే: జీతం ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు, అకామా, అంటే నివాస అనుమతి, గడువు ఎప్పుడు తీరుతుంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, కఫీల్, అంటే వీసాకు పూచీదారైన యజమాని, అనుమతి లేకుండా పని మారితే ఏమవుతుంది. వీటిని ఎవరూ వంటింట్లో ఆజ్ఞగా పలకరు. అందువల్ల పనికి చాలినంత భాష వచ్చిన మనిషికి న్యాయానికి చాలినంత భాష రాకపోవచ్చు. ప్రభాకర మతం భాష ఎక్కడ మొదలవుతుందో సరిగానే చెప్పింది గాని, అక్కడే ఆగిపోయిన భాష మనిషిని ఏ స్థితిలో నిలుపుతుందో ఆలోచించలేదు.

సమ్మతి ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. పని జరిగే ఆ దేశాల ధర్మశాస్త్రమే ఈ విషయంలో గట్టిగా మాట్లాడుతుంది: ఇస్లామీయ న్యాయశాస్త్రంలో కూలికి కుదుర్చుకునే ఒప్పందం 'ఇజారా', అందులో చేయవలసిన పనీ ఇవ్వవలసిన వేతనమూ ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలనీ, ఉభయుల అంగీకారం ఉండాలనీ ఫిఖ్ పండితుల నియమం. తెలిసి ఉండటమంటే ఏ భాషలో తెలిసి ఉండటమన్నదే చిక్కు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2016లో ఉద్యోగ ప్రతిపాదన పత్రం అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలో కూడా ఉండాలన్న నియమాన్ని అమలులోకి తెచ్చినప్పుడు ఆ చిక్కును గుర్తించినట్టే అయింది. అయితే నాడు ఎంచిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు.

పత్రం చదవలేని చోట మనిషి ఆశ్రయించేది మరొక మనిషి మాటను, అంటే శబ్దప్రమాణానికి మూలమైన ఆప్తుణ్ణి. కృష్ణా తీరంలోని గరికపాడుకు చెందినవాడని చెప్పే అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఆప్తుడంటే యథార్థం పలికేవాడని తేల్చేశాడు. న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఇంకాస్త లోతుకు వెళ్లి రెండు షరతులు పెట్టాడు: విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండటం, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండటం. పైగా ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు, అంటే ఆప్తత్వం పుట్టుకను బట్టి రాదు. వలస కూలీకి ఎదురయ్యే ఇద్దరు మధ్యవర్తులను ఈ కొలతతో చూస్తే వైరుధ్యం కనిపిస్తుంది. ఏజెంటుకు వీసా వ్యవహారమంతా తెలుసు, చెప్పాలన్న కోరికే ఉండదు. 'ఆజాద్ వీసా' మీద ఎక్కడైనా పని చేసుకోవచ్చని నమ్మబలుకుతాడు గాని, పూచీదారు వద్ద కాక వేరే చోట పనిచేయడం చట్టవిరుద్ధమని చెప్పడు. అదే ఊరి నుంచి ముందుగా వెళ్లిన కూలీకి చెప్పాలన్న కోరిక నిండుగా ఉంటుంది, కానీ అతడూ విని తెలుసుకున్నవాడే. మంచి మనసున్న సగం జ్ఞానం వల్ల పత్రాలు లేక 'ఖల్లివల్లి'గా మిగిలిపోయినవారి విషయంలో తప్పు కేవలం మోసగాడిదని చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. అప్పు చేసి విమానమెక్కిన మనిషి ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తేల్చుకునే వ్యవధి లేకుండానే వేలిముద్ర వేస్తాడు.

మీమాంసకులు మరొకచోట చూపిన విశాలత ఇక్కడ ఉపకరిస్తుంది. వేదంలో వచ్చే పిక, నేమ, తామరస వంటి మాటలు ఆర్యుల వాడుకలో లేవు, మ్లేచ్ఛుల వాడుకలో ఉన్నాయి. వాటికి వ్యుత్పత్తి కల్పించుకోవాలా, మ్లేచ్ఛులు చెప్పే కోకిల, సగం, తామర అన్న అర్థాలనే తీసుకోవాలా అని మీమాంసా భాష్యకారుడు శబరస్వామి చర్చించి రెండో పక్షానికే మొగ్గాడు. వేదవాక్యానికి సైతం బయటివాణ్ణి అడిగి అర్థం తెలుసుకోవడంలో తప్పులేదన్నది అక్కడి తీర్మానం. అయితే అలా అడగగలగడమన్నది ఆజ్ఞలతో నేర్చిన భాషలో ఉండదు, విడిగా నేర్చుకోవలసిందే. ఎందుకు, ఎంత, ఎప్పటివరకు అన్న మూడు ప్రశ్నార్థకాలు ఎదుటివాడి భాషలో పలకగలిగిన కూలీకి ఇరవై ఆజ్ఞలు తెలిసిన కూలీకి లేని హోదా ఒకటి వస్తుంది.

కూలీకి కావలసింది సిద్ధార్థాలు తెలియడమేనన్న మాటకూ ప్రాభాకరులు బదులు చెప్పగలరు. సిద్ధార్థవాక్యం కూడా చివరికి ఏదో ఒక కార్యంతో ముడిపడితేనే వాక్యమవుతుందని వారి పట్టు, ఈ ఒక్క సందర్భంలో ఆ పట్టును తోసిపుచ్చడం కష్టం. ఒప్పందంలో రాసిన జీతం కంటే తక్కువ ఇస్తున్నారన్న సంగతి కార్మికుడికి తెలిసినా, ఫిర్యాదు ఎక్కడ చేయాలో, చేస్తే వినేది ఎవరో తెలియకపోతే ఆ తెలివిడి పనికిరాకుండా పోతుంది. దుబాయ్‌లో భారత ప్రభుత్వం నెలకొల్పిన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం వంటివి పలు భారతీయ భాషల్లో ఫోన్ ఎత్తడం వల్ల కలిగే మేలు ఇదే: ఉన్న విషయమూ చేయవలసిన పనీ అక్కడ ఒకే సంభాషణలో, అడిగినవాడి భాషలోనే, దొరుకుతాయి.