ఏమీ జరగకుండా ఉండటానికి చేసే పని

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బైకు ఆపి, సంచీ భుజాన వేసుకుని లిఫ్ట్ మెకానిక్ లోపలికి వస్తాడు. వాచ్‌మన్‌కు అర్థం కాదు. “లిఫ్ట్ బాగానే నడుస్తోంది కదన్నా, కంప్లైంట్ ఎవరిచ్చారు?” ఎవరూ ఇవ్వలేదు. ఫోన్లో జాబ్ పడింది, అతను వచ్చాడు. పైకెక్కి బ్రేకు చూస్తాడు, తాళ్లు చూస్తాడు, పట్టాలకు నూనె రాస్తాడు, తలుపు సెన్సర్ తుడుస్తాడు, సెక్రటరీ చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. లిఫ్ట్ పొద్దున ఎలా నడిచిందో సాయంత్రమూ అలాగే నడుస్తుంది. ఏడాది చివర ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు కట్టేటప్పుడు కమిటీ మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు: నెలనెలా వచ్చి ఇతను చేసిందేమిటి?

ఫలం కనిపించని పని ఎందుకు చేయాలన్న ఈ ప్రశ్న లిఫ్టుల కంటే చాలా పాతది. వేదం చెప్పిన కర్మల గురించి విచారించిన మీమాంసకులు వందల ఏళ్లు దీని మీద వాదించుకున్నారు.

వాళ్లు కర్మను మూడుగా విడదీశారు. కోరిక ఉన్నవాడు చేసేది కామ్యం. గ్రహణం పట్టినప్పుడు చేసే స్నానంలాగా, ఒక సందర్భం వచ్చినందుకు చేసేది నైమిత్తికం. సంధ్యావందనంలాగా రోజూ చేయాల్సింది నిత్యం. సర్వీసు కంపెనీ ఆఫీసులో కూర్చున్నవారికి ఈ విభజన వెంటనే అర్థమవుతుంది. కొత్త మోడల్ పెట్టించుకోవడం కామ్యం, మధ్యలో ఆగిపోయిందని ఫోన్ వస్తే పరుగెత్తడం నైమిత్తికం, నెలవారీ సర్వీసు నిత్యం. చిక్కంతా ఈ మూడోదానితోనే. కామ్యానికి ఫలం ఉంది, నైమిత్తికానికి కళ్లెదుట కారణం ఉంది. నిత్యానికి ఏముంది?

చేయకపోతే ప్రత్యవాయం, అంటే దోషం, వస్తుందన్నది కుమారిల భట్టు సంప్రదాయం చెప్పే జవాబు. ప్రభాకరుడి వర్గం వారికి ఆ మాత్రం ప్రయోజనం చెప్పడం కూడా అనవసరమే: విధి చెప్పింది కాబట్టి చేయాలి. శంకరాచార్యులు తైత్తిరీయ భాష్యంలో దీన్ని ఇంకా లోతుగా గుచ్చి అడిగారు. చేయకపోవడం అంటే అభావం, ఏమీ లేకపోవడం. ఏమీ లేనిదాంట్లోంచి దోషమనే ఒక వస్తువు ఎలా పుడుతుంది? పుట్టదన్నారు. దోషం ముందే పోగుపడి ఉంది, చేయకపోవడం దానికి గుర్తు మాత్రమే అన్నారు.

ఈ జవాబు మెషిన్ రూములో నిలబడి విన్నా నిజమే. సర్వీసు మానేసినందుకు బ్రేకు అరగలేదు. బ్రేకు రోజూ అరుగుతూనే ఉంది. దుమ్ము రోజూ పడుతూనే ఉంది. మానేయడం వల్ల జరిగిందల్లా, ఆ పోగు తీసేవాడు లేకపోవడం. మన ఇళ్లలో ఏ పూజ మొదలుపెట్టినా సంకల్పంలో ‘దురితక్షయం’ అనే మాట వస్తుంది. కొత్తగా ఏదో సంపాదించడం గురించి కాదు ఆ మాట, తెలియకుండా పేరుకున్నది తరగడం గురించి. మెకానిక్ వచ్చి చేసిందేమిటన్న కమిటీ ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం దొరకదు.

అన్నట్టు, సంకల్పాన్ని ఒకసారి జాబ్ కార్డు పక్కన పెట్టి చూడాలి. ఏ ప్రదేశంలో, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం, ఎవరి పేరున, ఏ పని. పని ముట్టుకోకముందే ఇవన్నీ పైకి చెప్పాలి. ఫీల్డ్ సర్వీస్ సాఫ్ట్‌వేర్ వర్క్ ఆర్డర్ తెరలో నింపమని అడిగేవీ దాదాపు ఇవే గడులు.

చేయాలని ఒప్పుకున్నాక, ఎప్పుడు అన్న ప్రశ్న మొదలవుతుంది. ఇక్కడే సాఫ్ట్‌వేర్ అమర్చేవారు ఎక్కువగా తడబడతారు. ఎప్పుడెప్పుడు రావాలో చెప్పే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ 365లో అగ్రిమెంట్ అంటారు, సేల్స్‌ఫోర్స్‌లో మెయింటెనెన్స్ ప్లాన్ అంటారు. పద్ధతి ఒకటే: ఎంత కాలానికోసారి రావాలో నియమం రాసిపెడితే, రాబోయే కొన్ని రోజులకు సరిపడా వర్క్ ఆర్డర్లను యంత్రమే పుట్టిస్తుంది. నియమంలో చిన్న పొరపాటు ఉంటే అదీ ప్రతిసారీ పుడుతుంది. ప్రతి నెలా 31న అని రాస్తే, చాలా క్యాలెండర్ ప్రోగ్రాములు అనుసరించే ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రమాణం ప్రకారం 31 లేని నెలను దాటేయాలి. ఏడాదికి 12 సార్లు రావాల్సినవాడు 7 సార్లే వస్తాడు. ఎవరికీ హెచ్చరిక కూడా వెళ్లదు. తిథి రెండు రోజులు వ్యాపిస్తే ఆబ్దికం ఏ రోజు పెట్టాలి, అధికమాసం వస్తే ఏం చేయాలి అని నిర్ణయసింధు వంటి గ్రంథాలు పుటలకు పుటలు రాసింది ఇలాంటి సందులు పూడ్చడానికే. కమలాకర భట్టు నిర్ణయసింధును 1612లో పూర్తిచేశాడు.

ఇంకో చిక్కు ఆలస్యం. ఒకటో తేదీన రావాల్సినవాడు పద్దెనిమిదిన వచ్చాడు. తర్వాతి సర్వీసు వచ్చే ఒకటిననా, పద్దెనిమిదిననా? సంధ్యావందనంలో దీనికి స్పష్టమైన ఏర్పాటుంది. వేళ దాటితే ప్రాయశ్చిత్తంగా ఒక అర్ఘ్యం అదనంగా ఇస్తారు, కానీ పొద్దున ఆలస్యమైందని సాయంసంధ్య వేళ వెనక్కి జరగదు. ఆలస్యాన్ని లెక్కలో రాస్తారు, కాలాన్ని మాత్రం కదిలించరు. ప్రాణాలకు సంబంధించిన తనిఖీలన్నిటికీ ఈ పద్ధతే సరైనది. పని పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టే పద్ధతి ఫిల్టరు మార్చడానికి, నూనె మార్చడానికి బాగుంటుంది. బ్రేకు తనిఖీకి పెడితే ఆలస్యం మీద ఆలస్యం చేరి, ఏడాది తిరిగేసరికి ఒక సర్వీసు మాయమవుతుంది. రికార్డులో మాత్రం ఒక్కటీ తప్పినట్టు కనిపించదు.

గడువు నియమం మనుషుల్ని ఎంత దూరం తీసుకుపోగలదో 2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరంలో తెలిసింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానం పసిఫిక్ సముద్రంలో కూలి 88 మంది చనిపోయారు. తోక భాగంలో స్టెబిలైజర్‌ను కదిలించే మర స్క్రూకు గ్రీజు చాలక, నట్టు లోపలి మరలు అరిగి ఊడిపోయాయి. ఒకప్పుడు ఆ గ్రీజు పనికి విమానం ఎగిరిన గంటలతో లెక్క ఉండేది. ఏళ్లు గడుస్తుంటే గడువు పెరుగుతూ పోయింది. 1996లో దాన్ని ఎనిమిది నెలలకోసారి అని మార్చారు, గంటల పరిమితి తీసేశారు. క్యాలెండర్‌కు నెలలే తెలుసు, ఆ నెలల్లో విమానం ఎంత ఎగిరిందో తెలియదు. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. 1999 సెప్టెంబరులో చివరిసారి చేసిన గ్రీజు పని కూడా సరిగ్గా జరగలేదని దర్యాప్తు సంస్థ తేల్చింది. కార్డు ప్రకారం ఆ పని అయిపోయినట్టే.

అయితే ఎక్కువసార్లు చూస్తే ఎక్కువ క్షేమమా? అదీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాలకు 50 గంటలకోసారి తనిఖీ ఉండేది. జీవశాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్టన్ బృందం మరమ్మతుల లెక్కలు తీస్తే, అనుకోని లోపాలు ఎక్కువగా వస్తున్నది తనిఖీ అయిన వెంటనే. బాగున్నదాన్ని విప్పి బిగించడమే లోపాన్ని తెస్తోంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలాన్, హీప్ రాసిన నివేదిక, వారు చూసిన విమాన భాగాల్లో 89 శాతానికి ఇన్ని గంటలకు మార్చాలన్న గడువు వల్ల లాభం లేదని చూపింది.

శాస్త్రానికీ సర్వీసు మాన్యువల్‌కూ పోలిక ఇక్కడ ఆగిపోతుంది. మీమాంసకుడికి వేదం అపౌరుషేయం, అందులోని కాలనియమాన్ని ప్రశ్నించే పని లేదు. మాన్యువల్ మాత్రం మనుషులు రాసింది. నెలకోసారి అని రాసినవారికి ఆ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని అంతస్తులో, సముద్రపు గాలి ఎంత ఉప్పు మోసుకొస్తుందో తెలియదు. విశాఖ బీచ్ రోడ్డులోని ఏసీకీ నిజామాబాద్‌లోని ఏసీకీ ఒకే గడువు పెట్టడం భక్తి కాదు, బద్ధకం. నియమాన్ని ఎవరైనా ఏడాదికోసారి తెరిచి చూడాలి. ఇలాంటి జాగ్రత్త గుడి ఆచారంలోనూ ఉంది. తిరుమలలో ఏడాదికి నాలుగుసార్లు, ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి ముందు, కోయిల్ ఆళ్వార్ తిరుమంజనంతో గుడిని కడిగి శుద్ధి చేస్తారు. అయినా తెలియక దొర్లిన లోపాల కోసం ఏటా పవిత్రోత్సవం విడిగా ఉంది. చేసిన పనిలోనూ లోటు ఉండి ఉంటుందని ముందే ఒప్పుకునే వినయం అది. సర్వీసు షెడ్యూలు రాసేవారిలో ఈ వినయం అరుదు.

తెలుగు భాష ఒక నిజాన్ని దాచకుండా పెట్టుకుంది. దేవుడికి ఇచ్చిన మాట చెల్లించడం మొక్కుబడి. మనసు పెట్టకుండా చేసేదీ మొక్కుబడే. ఒకే మాట ఎలా రెండు వైపులా నడిచిందో చెప్పనక్కర్లేదు: తేదీ వచ్చింది, చేశాం, అయిపోయింది. సాఫ్ట్‌వేర్ తేదీని తెస్తుంది, మనిషిని గుమ్మం దాకా తెస్తుంది, మెషిన్ రూము తాళం తీసిందీ లేనిదీ దానికి తెలియదు. పన్నెండు టిక్కులున్న చెక్‌లిస్టును రెండు నిమిషాల్లో నింపవచ్చు, మెట్ల మీద కూర్చుని.

అందుకని జాబ్ కార్డులో ‘చేశాను’ గడితో పాటు ‘ఏం కనిపించింది’ అనే ఖాళీ గడి ఒకటి తప్పక ఉంచాలి, అది నింపందే కార్డు మూసుకోకూడదు. అపార్ట్‌మెంట్ కమిటీలు కూడా ఒక పని చేయవచ్చు. వచ్చే నెల మెకానిక్ వచ్చినప్పుడు, లిఫ్ట్ బాగానే ఉందిగా అని గేటు దగ్గర నుంచే పంపేయకండి. తాళం తీసి మీరూ పైకి వెళ్లండి, కాసిన్ని మంచినీళ్లివ్వండి, సంతకం పెట్టే ముందు పోయిన నెలకీ ఈ నెలకీ బ్రేకు ఎంత అరిగిందో చూపించమని అడగండి.