అరచేతి అంగడి – అంగడివాని కాయకము

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కాయకమునకు కల్పించిన స్థానము అపూర్వమైనది. బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాడు పేను నులియ చందయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య శరణుల గోష్ఠిలో సమానులై మెలగిరి. వృత్తిలో ఎక్కువ తక్కువలు లేవనియు, దానిని ఆచరించు మనస్సునందే శుద్ధాశుద్ధములు కలవనియు శరణుల బోధ. సరియైన తూకముతో, సరియైన లెక్కతో సాగు అంగడియు అట్టి కాయక స్థానమే. లింగబలిజ కుటుంబములు అనేకములకు వర్తకము తరతరముల వృత్తి. ఆ వృత్తికి నేడొక పరీక్ష ఏర్పడినది.

2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణములు జిల్లా కేంద్రములైనవి. కార్యాలయములు వచ్చిన చోట జనసంచారము పెరుగును, బేరము హెచ్చునని అంగళ్ళవారు ఆశించుట సహజము. అయితే అంతకు నెల ముందే జియో సేవలు ఆరంభమై, ఫోనులో ఇంటర్నెట్ చౌకయైనది. 2007లో పుస్తకముల అమ్మకముతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2013లో మన దేశమున వ్యాపారము ప్రారంభించిన అమెజాన్ క్రమముగా పల్లెవారి అరచేతిలోనికి వచ్చినవి. 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ సుమారు 1,600 కోట్ల డాలర్లు వెచ్చించి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతము వాటా కొన్నది. చిన్న పట్టణపు అంగడి నేడు ఎట్టి ధనబలమునకు ఎదురు నిలువవలసియున్నదో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

కొనువారి పక్షమున న్యాయము లేకపోలేదు. తక్కువ ధర, ఇల్లు చేరు వస్తువు, నచ్చనిచో తిరిగి పంపు వీలు – బస్సెక్కి పట్టణమునకు రావలసిన కుటుంబమునకు ఇవి స్వల్ప సౌకర్యములు కావు. ముద్రించిన ధరకు మించి వసూలు చేయుచు, గడువు తీరిన సరకు అంటగట్టుచు, మార్చి ఇమ్మని వచ్చిన వానిని కసరుకొను వర్తకుడు గిరాకీ తరలిపోయినదని వాపోవుటకు అర్హుడు కాడు. కాయకమును తానే చెడగొట్టుకొన్నవాడు దాని ఫలమును కోరరాదు.

అయినను నీతిమంతుడైన అంగడివాడు ఇచ్చునది వస్తువు మాత్రమే కాదు. వేరుసెనగ అమ్ముడుపోవువరకు రైతునకు ఉద్దెర ఇచ్చువాడు, పెండ్లి సామానును ఖాతాలో వ్రాసికొని ఆడపిల్ల తండ్రి గౌరవము నిలుపువాడు అతడే. అతనిని నమ్ముకొని గుమాస్తాలు, హమాలీలు బ్రదుకుచున్నారు. బేరము తగ్గినపుడు మొదట పోవునది గుమాస్తా కొలువే. గోదాములలోను, డెలివరీలోను క్రొత్త పనులు పుట్టినమాట సత్యమే. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారము, 2020–21లో దేశమున గిగ్ పనివారు 77 లక్షల మంది. వీరిని పేర్కొన్న సామాజిక భద్రతా స్మృతి 2020లో ఆమోదము పొందినను, అమలులోనికి వచ్చినది 2025 నవంబరు 21న. ఎండలో మూట మోసికొని గడపకు వచ్చు కుర్రవాడు చేయునదియు కాయకమే. అతడు గుమాస్తాకు శత్రువు కాడు. ఒకే కష్టమున నున్న సోదరుడు.

ఇచ్చట ధర్మసూక్ష్మ మొకటి కలదు. గద్వాల చీరనే తీసికొందము. నూలు చీరకు పట్టు అంచులను, పట్టు కొంగును మగ్గముపైననే కలిపి నేయు ఆ పనితనమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొనవచ్చినవారి ముందు గుమాస్తా ఇరువది చీరలు విప్పును. చేనేతకు, మరమగ్గపు బట్టకు గల భేదము తెలుపును. వారు తాకి చూచి, రంగు నిర్ణయించుకొని, ఫోటో తీసికొని, ఇంటికేగి ఫోనులో అట్టిదే చౌకగా తెప్పించుకొందురు. చట్టము దీనిని నేరమనదు. కాని ఒకరి కాయకమును స్వీకరించి కూలి ఎగవేయుట ధర్మమగునా? అదే ఫోను ద్వారా నేతగాడు తన చీరను దూరదేశమున నున్నవారికి నేరుగా అమ్ముకొన్నచో అది మేలే. కనుక తప్పు సాధనముది కాదు. శ్రమించినవానికి తన భాగము చేరినదా, లేదా అన్నదే విచారింపదగినది.

రాయచూరు సీమ నుండి కల్యాణమునకు వచ్చిన ఆయ్దక్కి మారయ్యకు నేలరాలిన బియ్యపు గింజలు ఏరుట కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, అతని భార్య లక్కమ్మ అంగీకరింపక, ఆ బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మన్నది. ఆ సాధ్వి విచారణ నేడు అందరికిని వర్తించును. తగ్గింపు ధర ఎవరి అన్నము నుండి తగ్గినదని కొనువారు తలపవలెను. లాభము ఎంతవరకు న్యాయమని వర్తకుడు ప్రశ్నించుకొనవలెను. ఆన్‌లైన్ వేదికలు ధరలను ప్రభావితము చేయరాదని విదేశీ పెట్టుబడి నిబంధనలు 2016 నుండి చెప్పుచున్నవి. ఆ కట్టుబాటును సంస్థలు అంతరాత్మతో పాటింపవలెను.

మఠములు దాసోహమునకు కావలసిన బియ్యము, పప్పు, నూనె ఊరి అంగళ్ళలో కొనుటకు సంకల్పింపవచ్చును. కుటుంబములు చూచిన చోటనే కొను నియమము పూనవచ్చును. చదివిన యువకులు తండ్రుల అంగళ్ళను ఫోనునకు అనుసంధించి, ఇంటికి సరకు చేర్చు పని గుమాస్తాకే అప్పగింపవచ్చును. సరకు తెచ్చిన కుర్రవానికి గ్రుక్కెడు మంచినీరు ఇచ్చుటయు దాసోహమే. కాయకము, దాసోహము అను రెండు తట్టలు సమముగా నిలిచినప్పుడే తక్కెడ సత్యము పలుకును. అంగడి ఏదైనను, తూకము మనదే కావలెను.