సాగనంపుట

యుద్ధము ముగిసిన మరునాడే శత్రువుతో కలసి భుజించుట తగునా? మృతుల చితులు చల్లారకమునుపే ఇరుపక్షముల ప్రభువులు తాంబూలములు అందుకొనుచుండగా, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మనసు ఎట్లుండును? అయినను భారతయుద్ధారంభమున కురుపాండవులు చేసికొన్న నియమములలో, పోరు ఆగిన పిమ్మట పరస్పరప్రీతి నిలుపవలెననునదియు ఒకటి. కావున విందు అధర్మము కాదు. విందు పెట్టిన మనసెట్టిదో చూడవలెను.

బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా విజయనగరముపై దండెత్తగా మొదటి దేవరాయలు సంధి చేసికొనెను. ఇది 1406, 1407 నాటి మాట. రాయలు తన కుమార్తెను సుల్తానునకిచ్చి, బంకాపురమును అరణముగా ఒసగెనని ఫెరిష్తా వ్రాసినాడు. నగరద్వారమునుండి రాజప్రాసాదమువరకు దారి పొడవునను జరీవస్త్రములు, ముఖమలు పరచిరట. సుల్తాను మూడు దినములు అతిథిగా నుండెను. మరలునపుడు రాయలు కొంతదూరము వెంట నడచి, శిబిరముదాక పోక వెనుదిరిగెను. ఆ లోపము సుల్తాను మనసున ముల్లై నాటుకొన్నదట. పదేండ్లు దాటిన పిమ్మట పానగల్లు కోటకై మరల యుద్ధము జరిగెను; అందు ఫిరోజ్‌షాయే ఓడెను.

ఫెరిష్తా వ్రాసినది రెండువందల ఏండ్ల తరువాత. ఈ వివాహమును శంకించిన చరిత్రకారులును కలరు. పైగా, పుత్రశోకమున నున్న అళియ రామరాయలను పరామర్శింపవచ్చిన అలీ ఆదిల్‌షా విషయమునను ఆయన ఇదే కథ చెప్పెను: సాగనంప రాలేదని అలుక! ఒకే కథ రెండుమార్లు వచ్చుట అనుమానమునకు తావే. అయినను మనుష్యస్వభావము తెలిసినవారికి అది అసంభవమని తోచదు.

ప్రియజనులను నీటి అంచువరకు సాగనంపవలెనని పెద్దలు చెప్పిరి. పట్టువస్త్రములు బొక్కసమునుండి వచ్చును. వెంట నడచుటకు మాత్రము తానే కదలవలెను. రాయలు ధనము ఇచ్చి, అడుగులు దాచుకొనెను. అట్లని సుల్తాను నిర్దోషి కాడు. మూడు దినముల ఆతిథ్యమును మరచి, నడువని దారిని మాత్రమే లెక్కించినవాడు ఎంత గొప్ప అతిథి? ఇరువురి అభిమానమునకును వెల చెల్లించినవారు వేరు.

1565లో రాక్షసి తంగడి యుద్ధము పిదప రాజధాని పెనుకొండకు తరలివచ్చెను. ఆ సీమకు చేరువనున్న చిలమత్తూరు మెట్టనేలలో చెఱువు నిండుటయే పండుగ. వానకై ఆకాశము చూచు ఆ రైతునకు, ఏ ప్రభువు ఏ ప్రభువును ఎంతదూరము సాగనంపెనో ఎవరును చెప్పియుండరు.